విరిగిన పాలు

ఖడ్గతిక్కన కథ మీలో చాలామంది వినే ఉంటారు. పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి దగ్గర సేనాని. పశువుల మేత పన్ను, అంటే పుల్లరి దగ్గర మొదలైన తగువులో కాటమరాజు మీదికి యుద్ధానికి వెళ్ళాడు. సైన్యం దెబ్బతింది, వెనక్కి వచ్చేశాడు. ఇంటికొస్తే భార్య చానమ్మ స్నానాల దగ్గర మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద ఉంచింది. ఇంట్లో ఆడవాళ్ళ లెక్క ఒకటి పెరిగిందని ఎత్తిపొడిచింది. అన్నం దగ్గర తల్లి ప్రోలమ విరిగిన పాలు పోసింది. మనిషే విరిగి ఇంటికొచ్చిన రోజున పాలు మాత్రం విరక్కుండా ఎలా ఉంటాయన్నది ఆవిడ మాట సారం. తిక్కన మళ్ళీ యుద్ధానికి వెళ్ళాడు. ఈసారి రాలేదు.

ఈ కథ చాటుపద్యాల్లో బతికింది. ఇలాంటి పద్యాలను వెతికి పోగుచేసి ‘చాటుపద్య మణిమంజరి’గా అచ్చువేయించిన వేటూరి ప్రభాకరశాస్త్రి మా పక్కవారే, దివిసీమ అంచున కృష్ణ ఒడ్డునున్న పెదకళ్ళేపల్లిలో పుట్టారు. ఈ పద్యాలని మనకి ‘వీరమాత, వీరపత్ని’ అన్న శీర్షిక కింద చెప్పారు. మనమూ అలాగే విన్నాం. తల్లి శ్లేషకి మురిసిపోయాం. పాలు విరగడం, సేన విరగడం – ఎంత బాగా కలిసిందో అనుకున్నాం.

నేను బందరులో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు సాహిత్యం చెప్తాను. పేపర్లో యుద్ధ కథలు ఒక యూనిట్. పిల్లలు గుడివాడ నుంచి పాసింజరులో వస్తారు, అవనిగడ్డ, నాగాయలంక వైపు నుంచి బస్సుల్లో వస్తారు. వీళ్ళకి మొదటి ప్రపంచయుద్ధపు ఫ్రాన్సు కందకాల గురించి చెప్పాలి. చెప్తూ ఉండగా ఖడ్గతిక్కన అడ్డొచ్చాడు. అప్పటినుంచి ఆ రెండు పద్యాలు నాకు మరోలా వినబడుతున్నాయి. యుద్ధం నుంచి ప్రాణాలతో ఇంటికొచ్చినవాడి గురించి తెలుగులో బాగా ప్రచారమైన కథ ఏదంటే ఇదే. అందులో అతనికి దక్కింది విరిగిన పాలు. మన సాహిత్యానికి సిపాయిని సాగనంపడం వచ్చు. చచ్చిపోతే ఏడవడం వచ్చు, గుడి కట్టడం వచ్చు. ఇంటికొచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, ఏమైందిరా అని అడగడం రాలేదు. ఈ వ్యాసం ఆ రాకపోవడం గురించి.

*

ఇంటికి రావడం గురించి రాసినవాళ్ళ దగ్గరికి ముందు వెళ్దాం. హెమింగ్వే ‘సోల్జర్స్ హోమ్’ అని ఒక చిన్న కథ రాశాడు, 1925లో ‘ఇన్ అవర్ టైమ్’ సంపుటిలో వచ్చింది. క్రెబ్స్ అనే కుర్రాడు కాలేజీ మధ్యలో మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్ళి, 1919 వేసవిలో ఓక్లహోమాలోని తన ఊరికి తిరిగొస్తాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ముందొచ్చినవాళ్ళకి ఊరేగింపులు అయిపోయాయి. ఊళ్ళోవాళ్ళు ఘోరాల కథలు బోలెడు వినేసి ఉన్నారు. ఉన్నదున్నట్టు చెప్తే ఎవరికీ ఆనదు. వినాలంటే అబద్ధం కలపాలి. ఒకటి రెండుసార్లు కలుపుతాడు. ఆ తర్వాత జరిగినదాని మీదే అతనికి రోత పుడుతుంది. తను నిబ్బరంగా నిలబడిన క్షణాలు కూడా ఆ అబద్ధాలతో కలిసి పాడైపోతాయి.

కథ చివరికొచ్చేసరికి పొద్దున ఫలహారం బల్ల. తల్లి ఎదురుగా కూర్చుంటుంది. మంచావిడే. ఉద్యోగం సంగతేం చేశావు, నాన్న బెంగపడుతున్నారు, ఫలానా కుర్రాడు పెళ్ళి చేసుకుని స్థిరపడ్డాడు – మన ఇళ్ళల్లో వినబడే మాటలే. క్రెబ్స్ పళ్ళెంలోకి చూస్తూ ఉంటాడు. పళ్ళెంలో పంది మాంసం కొవ్వు చల్లారి గడ్డకడుతూ ఉంటుంది. హెమింగ్వే అంతకుమించి ఏమీ చెప్పడు. అమ్మంటే ప్రేమ లేదా అని ఆవిడ అడుగుతుంది. లేదంటాడు. ఆవిడ ఏడుస్తుంది. ఏడుపు చూడలేక, అది నిజం కాదని ఇంకో అబద్ధం చెప్తాడు.

ప్రోలమ పాలు, క్రెబ్స్ తల్లి పెట్టిన ఫలహారం: రెండింటి మధ్యా ఏడువందల ఏళ్ళు, రెండు సముద్రాలు ఉన్నాయి. రెండు చోట్లా కొడుకు ముందున్న తిండే పాడైంది. తేడా ఎక్కడంటే, ప్రోలమ కావాలని పాడుచేసి పోసింది. క్రెబ్స్ తల్లి వేడిగానే పెట్టింది. మాటలు కుదరక చల్లారింది. ఇంకో తేడా ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. చాటుపద్యాల్లో భార్య మాట్లాడుతుంది, తల్లి మాట్లాడుతుంది, తిక్కన నోట ఒక్క ముక్క రాదు. అతను అక్కడ ఏం చూశాడు, ఎంతమంది పోయారు, ఎందుకు వెనక్కి తిరిగాడు, పద్యానికి ఆ అక్కర లేదు. హెమింగ్వే కథంతా ఆ మూసుకుపోయిన నోటి చుట్టూనే తిరుగుతుంది.

క్లాసులో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడు చర్చ నేననుకున్న దారిన పోలేదు. ఒకమ్మాయి చానమ్మ తరఫున లేచింది. “ఆవిడ మాత్రం ఏం చేస్తుంది సార్? రేపు నీళ్ళకెళ్తే ఊళ్ళో ఆడవాళ్ళు అనే మాటలు పడాల్సింది ఆవిడేగా.” న్యాయమే. ఎత్తిపొడిచింది భార్యే అయినా ఆ మాట ఊరిది. మగాడికి పరువు, ఆ పరువుకి ఆడది కాపలా – ఈ ఏర్పాటులో చానమ్మకి కూడా వేరే డైలాగు ఇవ్వలేదు. క్రెబ్స్ నిజమే చెప్పి ఉండాల్సిందని ఒక కుర్రాడన్నాడు. వెనక బెంచీ నుంచి జవాబొచ్చింది: “చెప్తే ఎవరు వింటారా?” హెమింగ్వే మీద ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను చదివిన పుస్తకాల్లో తక్కువ.

రెమార్క్ నవల ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ (1929)లో ఇంకో ఇల్లుంది. పాల్ సెలవు మీద వస్తాడు. జబ్బుపడిన తల్లి అతనికిష్టమని బంగాళాదుంప అట్లు, దాచిపెట్టిన పళ్ళ మురబ్బా పెట్టిస్తుంది. అక్కడ బాగా కష్టంగా ఉందా నాయనా అని అడుగుతుంది. అడిగింది ఆవిడొక్కతే. పాల్ ఆవిడకి కూడా అబద్ధమే చెప్తాడు, ఆవిడ తట్టుకోలేదని. తండ్రి మాత్రం యుద్ధం కబుర్లు చెప్పమంటాడు, స్నేహితుల ముందు కూర్చోబెట్టాలని చూస్తాడు. ఊళ్ళో పెద్దమనుషులు బీరు తాగుతూ, సైన్యం ఎటు తోసుకుపోవాలో ఆ కుర్రాడికే పాఠం చెప్తారు. టీవీ చర్చలు చూసి పెరిగిన మా పిల్లలకి ఈ సన్నివేశం వివరించాల్సిన పని పడలేదు.

*

ఇప్పుడు మన వైపు చూడండి. పలనాటి యుద్ధంలో బాలచంద్రుణ్ణి తల్లి ఐతాంబ సాగనంపింది, భార్య మాంచాల సాగనంపింది. అతను తిరిగి రాలేదు. కారెంపూడిలో వీరుల గుడి ఉంది, కార్తీకంలో ఇప్పటికీ ఉత్సవం చేస్తారు, ఆయుధాలకి పూజ చేస్తారు. 1757 బొబ్బిలిలో తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకుని తనూ ప్రాణం తీసుకున్నాడు. పాటలో, బుర్రకథలో, సినిమాలో నిలిచిపోయాడు. ఖడ్గతిక్కన రెండోసారి వెళ్ళి రాకపోబట్టే ‘ఖడ్గ’తిక్కన అయ్యాడు. మొదటిసారి వచ్చాక ఇంట్లోనే ఉండిపోయి ఉంటే ఆ పేరుతో మనకి తెలిసేవాడా?

సినిమాల్లో కూడా అంతే. ‘కంచె’ (2015) తెలుగులో రెండో ప్రపంచయుద్ధాన్ని తెర మీదికి తెచ్చిన అరుదైన సినిమా. హరిబాబు ఇటలీలో చచ్చిపోతాడు. ‘సీతారామం’ (2022)లో లెఫ్టినెంట్ రామ్ పాకిస్తాన్ జైలు నుంచి రాడు, ఉత్తరం మాత్రం ఇరవయ్యేళ్ళకి వస్తుంది. రెండూ మనసుపెట్టి తీసిన సినిమాలే. కానీ లెక్క చూస్తే, మన కథ సిపాయిని రెండు రూపాల్లోనే ఇంటికి రానిస్తోంది: ఉత్తరంగా, లేదా శవంగా. తన కాళ్ళ మీద తను నడిచొచ్చి, ముప్పయ్యేళ్ళు ఆ ఊళ్ళోనే బతికేవాడికి కథ లేదు.

భాష కూడా ఇదే చెప్తుంది. చనిపోయిన సైనికుడికి మన దగ్గర మాటలకి కొదవ లేదు: వీరమరణం, వీరస్వర్గం, అమరుడు, అసువులు బాశాడు. బతికొచ్చినవాడికి ఉన్నది ‘మాజీ సైనికుడు’. ‘మాజీ’ అంటే మాజీ ఎమ్మెల్యేకీ మాజీ సర్పంచికీ పెట్టే మాటే. అది కచేరీ కాగితం మాట, మనిషిని పిలిచే మాట కాదు. ఊళ్ళో పిలుపులో అయితే పేరు ముందు ‘మిలిటరీ’ తగిలిస్తారు. ఆ ‘మిలిటరీ’ మన వీధుల్లో ఎక్కువసార్లు కనబడేది మాంసాహారం హోటలు బోర్డు మీద. సెలవుకొచ్చినవాణ్ణి ఊరు అడిగే మొదటి ప్రశ్న క్యాంటీన్ సీసా ఎన్ని తెచ్చావని. నవ్వుకోవడానికి బానే ఉంటుంది. ఆ ప్రశ్నతోనే సంభాషణ మొదలై అక్కడే అయిపోతుందని ఆలోచిస్తే నవ్వు రాదు.

*

తెలుగులో ఇంటికొచ్చినవాడి దుఃఖం అసలు లేనేలేదంటే అబద్ధం. ఉంది. చాలా పెద్దదే ఉంది. భారతంలో శాంతిపర్వం మొదట్లో ధర్మరాజు దుఃఖం అది. గెలిచాడు. రాజ్యం వచ్చింది. కర్ణుడు తన అన్నేనని అన్నీ అయ్యాక తెలిసింది. నాకీ రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. భీముడు విసుక్కుంటాడు, అర్జునుడు వాదిస్తాడు, ద్రౌపది దెప్పుతుంది. వ్యాసుడు, కృష్ణుడు నచ్చజెప్తారు. ఎవరి మాటా పూర్తిగా తలకెక్కదు. చివరికి అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గరికి తీసుకెళ్తారు. శాంతిపర్వం, ఆనుశాసనికపర్వం – ఒక మనిషి యుద్ధం నుంచి ఇంటికి రావడానికి రెండు పర్వాల సంభాషణ పట్టింది. అంతకుముందు స్త్రీపర్వంలో గాంధారి శవాల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరినీ పేరుపెట్టి చూపిస్తుంది. యుద్ధం అంటే ఏమిటో ఈ రెండు చోట్ల చదివినవాడికి రెమార్క్ కొత్తగా చెప్పేది తక్కువే.

వీటిని తెలుగు చేసింది తిక్కన సోమయాజి. ఖడ్గతిక్కనా ఆయనా అన్నదమ్ముల పిల్లలు. ఒకే ఇంటిపేరు, ఒకే కాలం, ఒకే రాజు కొలువు. ఆ ఇంట్లో ఒక తిక్కన, గెలిచొచ్చిన ధర్మరాజు ఏడుస్తుంటే ఓపిగ్గా విని రాశాడు. ఇంకో తిక్కన ఓడొస్తే విరిగిన పాలు దొరికాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్న చరిత్ర లెక్కలోకి నేను పోవడం లేదు. నన్ను ఆపేది ఒక్కటే: మన సంప్రదాయానికి వినడం తెలుసు. కాకపోతే విన్నది రాజుని. వినడానికి ముందు గెలిచి ఉండాలని, కులమో కిరీటమో ఉండాలని ఒక షరతు పెట్టుకుంది. మామూలు బంటు ఏడుపుకి పర్వం లేదు.

ఆ బంటు మన ఊరివాడు కాకపోతే, పోనీలే అనుకోవచ్చు. కానీ చరిత్ర చూస్తే కథ వేరు. 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటని ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి రాత్రి దాడిలో పట్టుకున్నాడు. దొరలు రెండు వైపులా కొద్దిమందే, సిపాయిలు రెండు వైపులా ఈ దేశం వాళ్ళే. అంతకు కాస్త ముందే క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకి తీసుకెళ్ళిన దళాల్లో తెలుగు సిపాయిలున్నారు. వాళ్ళని చూసి ఉత్తరాదిన కంపెనీ సిపాయికి ‘తిలంగా’ అని పేరు పడింది. 1857 వచ్చేసరికి ఆ మాట ఎంత పాతుకుపోయిందంటే, తిరగబడిన సిపాయిల్లో ఎక్కువమంది అవధ్, బీహారు వైపు వాళ్ళైనా ఢిల్లీ జనం వాళ్ళని తిలంగాలనే అన్నారు. మన పేరే సిపాయికి మారుపేరైంది. ఉర్దూలో తిలంగా కనబడతాడు. తెలుగులో వెతకండి.

తర్వాత పందొమ్మిదో శతాబ్దం చివర ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం తెచ్చి, దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని మద్రాసు సైన్యాన్ని కుదించారు. సిపాయి మన సాహిత్యంలో లేకపోవడానికి ఇదొక కారణమని కొందరంటారు. కొంతవరకే నిజం. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన మరుసటి ఏడే, 1915లో, హిందీలో గులేరీ ‘ఉస్‌నే కహా థా’ రాశాడు. ముల్క్ రాజ్ ఆనంద్ ఇంగ్లీషులో ‘అక్రాస్ ది బ్లాక్ వాటర్స్’ రాశాడు. పంజాబు నుంచి ఎక్కువమంది వెళ్ళారు కాబట్టి అటువైపు కథ వచ్చింది, సరే. మన పక్క జిల్లాలో మిలిటరీ మాధవరం అని ఊరి పేరులోనే సైన్యం ఉంది. సంఖ్య ఒక్కటే కారణమైతే ఆ ఊరికైనా ఒక నవల ఉండాలి కదా.

బందరుకి ఇంకా దగ్గరి ఉదాహరణ పింగళి వెంకయ్య. భట్లపెనుమర్రులో పుట్టారు, ఆంధ్ర జాతీయ కళాశాలలో చెప్పారు, 1916లో జాతీయ పతాకం మీద పుస్తకం అచ్చువేశారు. ఆయన జీవితం ఎక్కడ చదివినా ఒక వాక్యం వస్తుంది: సైన్యంలో చేరి బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్ళారు, అక్కడ గాంధీని కలిశారు. తర్వాతి వాక్యంలో జెండా వచ్చేస్తుంది. ఆ రెండు వాక్యాల మధ్య ఒక పల్లెటూరి తెలుగు కుర్రాడున్నాడు. ఇంగ్లండ్ ఆ యుద్ధాన్ని తెల్లవాళ్ళ యుద్ధమనుకుంది. భారతీయ దళాలని పోరాటానికి దించకూడదనుకుంది. మనవాళ్ళని గుర్రాల చాకిరీకి, గాయపడ్డవాళ్ళని మోసే పనికి, ఇలా వెనక పనులకి వాడుకుంది. గాంధీ నడిపింది కూడా గాయపడినవాళ్ళని మోసే దళమే. ఒక వలస రాజ్యపు మనిషి, ఇంకొకరి నేల కోసం ఇద్దరు దొరలు కొట్టుకుంటుంటే మధ్యన నిలబడి ఏం చూసి ఉంటాడు? జెండా ఆలోచన ఆకాశం నుంచి ఊడిపడదు కదా. ఆయన గీసిన జెండా అందరికీ తెలుసు. ఆయన చూసిన యుద్ధానికి ఒక్క కథ రాలేదు. నవలాకారులకి ఇంతకంటే మంచి ఖాళీ ఎక్కడ దొరుకుతుంది?

*

ఇరవయ్యో శతాబ్దపు తెలుగు సాహిత్యం యుద్ధాన్ని పట్టించుకోలేదనడం తప్పు. శ్రీశ్రీ ‘గర్జించు రష్యా’ రాశాడు. తెలంగాణ సాయుధ పోరాటం మీద, శ్రీకాకుళం మీద, ఆ తర్వాతి ఉద్యమాల మీద కథలూ నవలలూ కవిత్వం వచ్చాయి, వాటిలో గొప్పవి ఉన్నాయి. ఆరుద్ర స్వయంగా 1943 నుంచి 1947 దాకా వైమానిక దళంలో పనిచేశాడు. అయినా మనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ‘త్వమేవాహం’తో, ‘సమగ్రాంధ్ర సాహిత్యం’తో.

నాకు తోచేది ఇది. మనకి ఆశయం కోసం తుపాకీ పట్టినవాడి కథ రాయడం వచ్చు. జీతం కోసం పట్టినవాడి కథ దగ్గర తడబడతాం. అభ్యుదయ రచయితకి అతను రాజ్యం చేతిలో పనిముట్టు. దేశభక్తి రచయితకి అతను విగ్రహం. అక్కచెల్లెళ్ళ పెళ్ళి కోసమో, ఎకరం పొలం తనఖా విడిపించడానికో, డిగ్రీ తప్పాక వేరే దారి లేకో చేరినవాడు ఈ ఇద్దరి మధ్య నుంచి జారిపోయాడు. సైన్యంలో ఎక్కువమంది అలాంటివాళ్ళే.

తిలక్ ‘సైనికుడి ఉత్తరం’ ఈ ఖాళీలో ఒంటరిగా నిలబడి కనిపిస్తుంది. ‘అమృతం కురిసిన రాత్రి’లో ఉంది. తిలక్ తణుకు మనిషి, యుద్ధానికి వెళ్ళినవాడు కాదు. అయినా ఉత్తరం అనే రూపం ఎంచుకోవడంలోనే ఆయన గ్రహింపు ఉంది. యుద్ధం గురించి పద్యం రాస్తే మాట్లాడేది కవి. ఉత్తరం రాస్తే మాట్లాడేది సిపాయి, వినాల్సింది ఇల్లు. ఖడ్గతిక్కన నోట రాని మాట ఇక్కడ మొదటిసారి వచ్చింది. కానీ గమనించండి, ఉత్తరం రాసేవాడు ఇంకా అక్కడే ఉన్నాడు. దూరం ఉన్నంతసేపే మాట సాగుతుంది. అతను రైలు దిగి, రిక్షా ఎక్కి, గుమ్మంలోకి వచ్చాక ఏం జరుగుతుందో, ఆ కవిత రాసే పని మనకి వదిలేశాడు తిలక్.

*

వినడం మాకు చేతకాదని మాత్రం ఈ ప్రాంతం వాళ్ళని అననివ్వను. ఒకసారి క్లాసులో టిమ్ ఓబ్రయన్ ‘ది థింగ్స్ దె కారీడ్’ (1990) నుంచి కొంత భాగం చదివాం. వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు ఆయన. నిజమైన యుద్ధ కథకి నీతి ఉండదని, నీతి కనబడితే ఆ కథని నమ్మొద్దని ఆయన వాదన. పిల్లలకి ఇది ఎక్కలేదు. నీతి లేని కథేంటి సార్ అన్నారు. అప్పుడు నాగాయలంక వైపు నుంచి వచ్చే ఒకబ్బాయి, మా నాయనమ్మ ఉప్పెన గురించి చెప్తే అలాగే ఉంటుందన్నాడు.

1977 నవంబరు 19. ఈ సీమలో ఆ తేదీ ఎవరికీ చెప్పక్కర్లేదు. సర్కారు లెక్కే పదివేలు దాటింది. అంతకుముందు 1864లో బందరు ఉప్పెనలో పోయినవాళ్ళు ముప్పై వేలంటారు. ఒక్క రాత్రిలో ఊళ్ళకి ఊళ్ళు పోవడం, తెల్లారి శవాల్లో మనవాళ్ళని వెతుక్కోవడం – గాంధారి చూసిన పొలం ఈ నేల మీద పరిచి ఉంది. ఆ నాయనమ్మ చెప్పే కథలో దేవుడి దయ లేదు, పాఠం లేదు. తాటిచెట్టు ఉంది. చేతిలోంచి జారిపోయిన చెయ్యి ఉంది. మర్నాడు ఎవరో ఇచ్చిన అన్నం పొట్లం రుచి ఉంది. ఒక్కోసారి ఒక్కోలా చెప్తుందట. ఏది నిజమని మనవడు ఎప్పుడూ అడగలేదు. ఓబ్రయన్ చెప్పడానికి తిప్పలుపడినదాన్ని ఆ కుర్రాడు పుట్టినప్పటినుంచి వింటున్నాడు.

సముద్రం నుంచి తిరిగొచ్చినవాళ్ళని ఇక్కడి ఇళ్ళు విన్నాయి. ఏటా నవంబర్లో మళ్ళీ వింటాయి. ఉప్పెన తప్పించుకున్నవాణ్ణి, నువ్వు ఎందుకు పోలేదని ఎవరూ ఎత్తిపొడవరు. బారకాసు నుంచి తిరిగొచ్చినవాడికి ఆ చెవి ఎందుకు దొరకదు? పరువు అడ్డొస్తుంది కాబట్టి. ఉప్పెనలో భయపడ్డానని చెప్పుకోవచ్చు. యుద్ధంలో భయపడ్డానంటే, మళ్ళీ ఆ పసుపు ముద్దే.

అందుకని ఒక అసైన్‌మెంటు ఇచ్చాను. మీకు తెలిసిన మాజీ సైనికుడితో ఒక గంట కూర్చోండి. శత్రువు, భయం, మెడల్ – ఈ మూడు మాటలు లేకుండా ఒక ప్రశ్న అడగండి. చెప్పింది అలాగే రాయండి, మీ వ్యాఖ్య వద్దు. వచ్చినవాటిలో సగం దేశభక్తి గీతాల్లానే ఉన్నాయి. మిగతా సగం నేను ఇంకా దాచుకున్నాను. ఒకాయన మంచు మీద కాపలా గురించి ఏమీ చెప్పకుండా, మొదటి ఆరునెలలు చపాతీలు దిగక అన్నం కోసం పడిన బాధ చెప్పాడు. గుడివాడ వైపు ఒకమ్మాయి వాళ్ళ నాన్ననే అడిగింది. ఆయన పదహారేళ్ళ సర్వీసుని రెండు వాక్యాల్లో ముగించి, “ఇంతకాలం ఎవరూ అడగలేదమ్మా, అడిగితే గుర్తుండేది” అన్నాడట. ఆ అమ్మాయి కింద ఇంకేమీ రాయలేదు. నేనూ మార్కులు వెయ్యలేకపోయాను.

సాహిత్యం క్లాసుకి ఇదొక ప్రమాదం కూడా. తండ్రిని టెక్స్టు చేసి చదవడం తేలిక. గాయం కనబడితే సంబరపడే పాఠకుడు, వీరత్వం కనబడితే సంబరపడే టీవీ యాంకరు కంటే మంచివాడేం కాదు. క్రెబ్స్ అబద్ధాలు చెప్పింది రెండో రకం శ్రోతలకి. మొదటి రకం శ్రోతల కోసం కూడా చెప్పేవాడు. వినడమంటే మనకి కావలసింది వినడం కాదని ఆ కథ చెప్తుంది. అందుకే దాన్ని యూనిట్‌లోంచి తీసెయ్యను.

*

ఇదంతా ఇప్పుడెందుకంటే, సైన్యం మా ఊరికి ఎప్పుడూ ఇంత దగ్గరగా లేదు. 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా పుట్టి ఇప్పుడు బెల్ చేతిలో ఉన్న బందరు ఫ్యాక్టరీలో సిపాయిలు చీకట్లో చూసే పరికరాలు తయారవుతాయి. దివిసీమ చివర గుల్లలమోదలో క్షిపణుల పరీక్షా కేంద్రం వస్తోంది. తెల్లవారుజామున ఊరి బయట రోడ్ల మీద 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు కనబడతారు. వాళ్ళలో కొందరు పదిగంటలకి నా క్లాసులో కునికిపాట్లు పడతారు.

అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో ప్రకటించారు. ఆ వారంలోనే సికింద్రాబాద్ స్టేషన్లో మంటలు లేచాయి, కాల్పుల్లో ఒక కుర్రాడు పోయాడు. పథకం నిలబడింది. నాలుగేళ్ళ సర్వీసు. వందలో పాతికమంది దాకా ఉంచుకుంటారు, మిగిలిన డెబ్బై అయిదు మంది సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికొస్తారు. పింఛను లేదు. మొదటి బ్యాచ్ 2022 చివర, 2023 మొదట్లో చేరింది. లెక్క మీరే వేసుకోండి. పాతికేళ్ళు నిండకుండా ఇంటికొచ్చే సైనికులు ప్రతి మండలంలోనూ ఉండబోతున్నారు. ఉంచుకోలేదంటే ఏదో తక్కువైందనే కదా ఊరి లెక్క. ఆ పాతిక మందిలో ఎందుకు లేవని అడిగే చానమ్మలు, ప్రోలమలు, బాబాయిలు, కాబోయే మామగార్లు సిద్ధంగా ఉన్నారు. క్రెబ్స్ తల్లి అడిగిన ప్రశ్న కూడా సిద్ధంగా ఉంది: ఇక ఏం చేద్దామనుకుంటున్నావు?

పథకం మంచిచెడ్డలు తేల్చడం సాహిత్య విమర్శ పని కాదు. కానీ ఒక సమాజం తిరిగొచ్చినవాడితో ఎలా మాట్లాడాలో చాలావరకు కథల్లోంచే నేర్చుకుంటుంది. మనం సాగనంపే కథలు నేర్చుకున్నాం, ఏడ్చే కథలు నేర్చుకున్నాం. ఖడ్గతిక్కన పద్యాలని పాఠంలోంచి తియ్యమని నేననను. వాటిని వీరగాథగా మాత్రమే చెప్పకండి అంటాను. పక్కన శాంతిపర్వంలోంచి ధర్మరాజు మాటలు పెట్టండి, తిలక్ ఉత్తరం పెట్టండి, హెమింగ్వే కథకి ఒక మంచి తెలుగు అనువాదం పెట్టండి. ఆ పద్యాల్లో మాట్లాడనివాడు ఒకడున్నాడని పిల్లలకి చూపించి, అతని జవాబు వాళ్ళని రాయమనండి.

నేను రాయమన్నాను. ముప్పై రెండు జవాబులొచ్చాయి. ఎక్కువమంది తిక్కన చేత రోషంగా మాట్లాడించి యుద్ధానికి పంపేశారు. నలుగురు తల్లిని తిట్టించారు. ఒక్క కుర్రాడు మాత్రం – పరుగు ప్రాక్టీసుకి పోయేవాడే – తిక్కన చేత ఒకటే అడిగించాడు: అమ్మా, నాతో వచ్చినవాళ్ళ ఇళ్ళకి కబురు పంపారా?